అమ్మమడుగు తొలి చేప

పైడన్నకు తలమీద తలపాగా ఉన్నట్టు లేదు, రోలు పెట్టినట్టుంది.

"తల దించకు అల్లుడూ," అన్నాడు పక్కన కూర్చున్న వేషాల భద్రయ్య, పెదవి కదపకుండా. "రాజులు తల దించరు. దించితే కిరీటం జారిపోద్దని వాళ్ళ భయం."

"నీళ్ళకేసి చూడొద్దంటే ఎట్టా మామా? పుట్టి బుద్ధెరిగిన కాడ్నించీ చూసిన నీళ్ళే గదా."

"చూడు. కానీ చూడనట్టు చూడు. పల్లకీలో పోయే దొర దారి పక్కనున్న ముష్టోణ్ణి చూస్తాడు చూశావా, అట్టా."

పడవ తనంతట తానే సాగిపోతున్నది. తెడ్డు లేదు, తెరచాప లేదు, గడ వేసేవాడు అసలే లేడు. దాని ముందుభాగాన చెక్కిన బంగారు హంస అప్పుడప్పుడూ మెడ తిప్పి ప్రయాణికులను పరీక్షగా చూసి మళ్ళీ ముందుకు తిరుగుతున్నది. ఎదురుగా, మడుగు నట్టనడుమ, ఘటకేతుడి జలమందిరం. పచ్చల మెట్లు, పగడాల స్తంభాలు, చంద్రకాంత శిలల గోపురాలు, గోపురాల అంచున గాలి లేకున్నా మోగే వెండి గంటలు. చూసినవాడికి కళ్ళు చెదరవలసిందే. అయితే ఆ మేడ నీడ పడినంత మేరా నీరు నల్లగా, అల అన్నది లేకుండా, చచ్చినట్టు పడి ఉంది. పైడన్న చూసింది ఆ నీటినే.

మకరద్వీపపు యువరాజు మణికంఠుడిగా ఆ పడవలో కూర్చున్న పైడన్న నిజానికి చేపలు పట్టి బతికే జాలరి. చెవులకున్నవి ఇత్తడి పోగులు, ఒంటిమీది మఖమలు అంగీ భద్రయ్య వేషాల పెట్టెలోది. ఆ భద్రయ్య పగటివేషగాడు. పొద్దున రాజు, మధ్యాహ్నం బైరాగి, సాయంత్రం సోమిదేవమ్మ; ఏ వేషం కట్టినా ఊరి కుక్కలు సైతం నమ్మేవి. ఈరోజు అతనిది మంత్రి వేషం. అతనూ ఆ మడుగు ఒడ్డున పుట్టినవాడే, కాకపోతే వల పట్టడం చేతగాక ఊళ్ళు పట్టుకు తిరిగాడు. జాలరివాళ్ళ సంగతి అతనికి పైపైనే తెలుసు. ఆ పైపై తెలియడమే ఎంత పని చేసిందో ముందు ముందు మీరే చూస్తారు.

అసలు మడుగు కథ తెలియాలంటే ముందు కడవ కథ తెలియాలి.

కుసుమగిరి రాజు రత్నధ్వజుడికి ఉన్నట్టుండి చూపు పోయింది. వైద్యులు చేతులెత్తేశారు. ఎక్కడినుంచో ఘటకేతుడనే మాంత్రికుడు వచ్చి, ఒక్క చిటికె భస్మంతో చూపు తెప్పించాడు. రాజు పొంగిపోయి కోరుకోమన్నాడు. ఘటకేతుడు మొలకు కట్టుకున్న చిన్న కడవ విప్పి, నీళ్ళు నింపి, కొండమీది కోట బురుజున రాజు ముందు పట్టుకుని, "నాకు పెద్ద ఆశలు లేవు ప్రభూ. ఈ కడవ నీటిలో కనిపించేది ధారపోయండి, చాలు" అన్నాడు. "ఓస్, అంతేనా" అని రాజు చెయ్యి చాచి నీళ్ళు వదిలాడు. వదిలాక వంగి చూశాడు. కొండ కింద అమ్మమడుగు ఉందే, అది ఈ గట్టునుంచి ఆ గట్టుదాకా, రెల్లుతో, కొంగలతో, పడవలతో సహా ఆ కడవలో కనబడుతున్నది. చూపిచ్చినవాడు చూస్తుండగానే దోచుకుపోయాడు. రాజు నీళ్ళు వదిలాడు, ఊరు ఆశ వదులుకుంది.

జాలరులు కోటకు వెళ్ళి మొరపెట్టుకోకపోలేదు. రాజు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు కూడా. "ఇచ్చిన మాట నాయనా, ఏం చేయను" అన్నాడు. ఏడ్చే రాజుకన్నా కొట్టే రాజే నయం. కొట్టేవాణ్ణి కనీసం తిట్టుకోవచ్చు.

అంతకుముందు అమ్మమడుగు ఎవరి సొత్తూ కాదు. ఒడ్డున పుట్టినవాడైనా, దారిన పోయేవాడైనా ఆకలేస్తే వల వేసుకోవచ్చు. గుడ్లతో ఉన్న చేపను పట్టకూడదు, తొలి చేపను గంగమ్మకు వదలాలి. ఉన్న కట్టుబాట్లు అవే. వానలు లేని ఏడాది ఒకరోజు పొద్దస్తమానం వల వేస్తే పైడన్నకు దొరికింది ఒకటే చేప. తొలి చేప కాబట్టి దాన్నీ నీళ్ళలోకి వదిలి ఉత్త చేతులతో ఇంటికి వచ్చాడు. అతని భార్య నీలాలు నడుమున చేతులు పెట్టుకుని, "గంగమ్మకి రోజూ పెడతన్నావు గదా, ఆవిడ ఒక్కనాడైనా మనల్ని కూటికి పిలిచిందా?" అని అడిగింది. అడిగి, తనే నవ్వేసి, గంజి పోసింది. పైడన్నకు ఆ నవ్వంటే ప్రాణం.

రాజు నీళ్ళు వదిలిన మర్నాడు చాటింపు వేశారు. అమ్మమడుగు ఇకమీదట ఘటకేతులవారి సొంతమనీ, వారి సెలవు లేకుండా నీట కాలు పెట్టినవాడు నీటిలోనే ఉండిపోతాడనీ డప్పు కొట్టి చెప్పారు. డప్పు మాటలు కదా, బెదిరింపుకు అలాగే అంటారని ఊరు అనుకుంది. ఊళ్ళో పొయ్యిలు ఒకటొకటే చల్లారాయి. చివరకు ఒక ఉదయం నీలాలు బుట్ట తీసుకుని గట్టు దిగింది. కావలివాడు ఈటె అడ్డం పెడితే పక్కకు తోసేసింది.

"గంగమ్మకి గుమ్మం పెట్టినోడెవడు? చెప్పు, ఆడి మొకం చూస్తాను," అంటూ మోకాలి లోతు నీళ్ళలోకి నడిచింది.

ఆమె తిరిగి రాలేదు. గట్టుమీద వల ఆరబెడుతున్న పైడన్న కళ్ళెదుటే ఆమె నడుము సన్నబడి, చేతులు రెక్కలై, వెండిరంగు చేపగా మారి నీళ్ళలో మునిగిపోయింది. ముక్కున ఉన్న ఎర్రరాయి ముక్కుపుడక మాత్రం అలాగే మిగిలింది. పైడన్న దూకబోతే నలుగురూ పట్టుకుని తాటిమొద్దుకు కట్టేశారు. ఆ తరువాత ఆకలికి తాళలేక దిగినవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళూ అంతే.

ఒక్కటే దారి ఉంది. దాన్ని తెచ్చింది భద్రయ్య. పున్నమి విందుకు ఘటకేతుడు దేశదేశాల రాజులను పిలుస్తాడు. వేడుకకు ఒక్కొక్కరికీ ఒక్క వల విసిరే హక్కు ఇస్తాడు, పడినది వాళ్ళదే. ఆకలితో ఉన్నవాడికి లేని వల తిన్నది అరగనివాడికి ఉందన్నమాట. అలా పట్టిన చేపను మెట్ల పైనున్న ఎర్రబండ దాటించాలి. ప్రాణంతో దాటితే అది మనిషై లేస్తుంది. అంతకుముందే జారి నీళ్ళలో పడితే నేరుగా మడుగు అడుగునున్న పాతాళబిలంలోకి పోతుంది. అక్కడికి ఏ వలా అందదు. ఈ రహస్యం భద్రయ్యకు మందిరం కావలివాడు తాగిన మైకంలో చెప్పాడు.

హంసపడవ మెట్లకు తగిలి ఆగింది.

ద్వారం దగ్గర స్ఫటిక పంజరంలో నీలిరెక్కల చిలుక ఒకటి కూర్చుని ఉంది. వచ్చిన ప్రతివాడి గుట్టూ చెప్పడం దాని ఉద్యోగం. పైడన్న గడపలో కాలు పెట్టాడో లేదో, "చేపల కంపు, చేపల కంపు" అని రెక్కలు కొట్టుకుంది. కావలివాళ్ళు ఒక్కసారిగా కత్తులు దూశారు.

భద్రయ్య మాత్రం చిరాకుగా కండువా సర్దుకున్నాడు. "మాది మకరద్వీపమయ్యా. చుట్టూ సముద్రం. మా దేశంలో మల్లెపూలు కూడా చేపల కంపే కొడతాయి. మీ చిలక ముక్కు మంచిదే, మర్యాదే తక్కువ. ఇదేనా రాజులకు ఎదురొచ్చే తీరు?"

కావలివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని కత్తులు దించారు. చిలుకకు అవమానం జరిగినట్టుంది, గోడవైపు తిరిగి కూర్చుంది.

లోపల విందు సాగుతున్నది. ముత్యాల తోరణాల కింద రాజులు వరసగా కూర్చున్నారు. ఘటకేతుడు ఎత్తైన పీఠం మీద ఉన్నాడు. నున్నటి పసిముఖం, ముడతలు పడ్డ ముసలి చేతులు, మొలకు ఆ కడవ. బంగారు పళ్ళేలు వచ్చాయి. పైడన్న పళ్ళెంలో మసాలా దట్టించి వేయించిన నిలువు చేప ఉంది. అతను దాని కంటిలోకి చూశాడు. అది ఎవరి తండ్రో, ఎవరి చెల్లెలో. నిన్నటిదాకా పక్కింట్లో నిప్పు అడిగి పుచ్చుకున్న మనిషే కావచ్చు. పక్కనున్న రాజు వేళ్ళు నాక్కుంటూ ముల్లు తీసి పారేస్తున్నాడు. అతని చేతిలోంచి లాక్కోవాలనిపించింది పైడన్నకు. లాక్కుంటే నీలాలు దక్కదు. కూర్చున్నాడు. అంతకన్నా చేయగలిగింది లేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

"మణికంఠులవారు ముట్టుకోవడం లేదేం?" ఘటకేతుడి గొంతు చల్లగా వచ్చింది.

"నోము, మహాప్రభూ," అన్నాడు భద్రయ్య చేతులు జోడించి.

"ఏం నోము?"

"మా ప్రభువుకి పెళ్ళి కుదరడం లేదండి. చక్కని పిల్ల దొరికేదాకా నీచు ముట్టనని ఒట్టు పెట్టుకున్నారు. ఇప్పటికి వంకాయలు తిని తిని దేశంలో వంకాయ తోటలు ఖాళీ అయ్యాయి."

సభంతా ఘొల్లుమంది. ఘటకేతుడు నవ్వలేదు. "అయితే చేప పట్టడానికైనా అభ్యంతరం లేదు కదా," అని లేచాడు.

అందరూ నీటిమెట్ల దగ్గరికి చేరారు. ఎండ నడినెత్తిన ఉంది. పట్టుదారాల వలలు, వాటి అంచున బంగారు గుండ్లు. రాజులు ఒక్కొక్కరూ లేచి వల విసరడం చూస్తే జాలరి గుండె ఆగిపోవలసిందే. ఒకడు వలతోపాటు తానూ పడబోయాడు. ఇంకొకడి వల మూటలా వెళ్ళి మూటలాగే మునిగింది. మూడోవాడికి మాత్రం ఖర్మకాలి ఒక గండుచేప చిక్కింది. వాడు దాన్ని మెట్ల మీదే వదిలేసి తాంబూలం వేసుకుంటూ కబుర్లలో పడ్డాడు. అది ఎగిరెగిరి, నోరు తెరిచి తెరిచి, ఎర్రబండకు బెత్తెడు దూరంలో ఊరుకుంది. పైడన్న కళ్ళు మూసుకున్నాడు.

వల అతని చేతికి వచ్చింది.

"చేతకానోడిలా వెయ్యి," గొణిగాడు భద్రయ్య. "కానీ పట్టు."

"రెండూ ఎట్టా మామా?"

భద్రయ్య తాను నేర్పగలిగినవన్నీ నేర్పాడు. గొంతుకూర్చోవద్దన్నాడు, నీళ్ళు కళ్ళకద్దుకోవద్దన్నాడు, వల అంచు పళ్ళతో పట్టుకోవద్దన్నాడు, పైడన్న అన్నీ మానుకున్నాడు. ఒడ్డున నిలబడి చూస్తే కనిపించే అలవాట్లు అవే మరి.

పైడన్న కింది మెట్టు మీద నిలబడి, వేలి ఉంగరంతో రాతిని తట్టాడు. రెండుసార్లు గబగబా, ఒక్క క్షణం ఆగి మరోసారి. వేట ముగించి ఇంటికి వచ్చేటప్పుడు అతను పడవ అంచున తెడ్డుతో అలాగే తట్టేవాడు. అది విని నీలాలు పొయ్యిమీద ఎసరు పెట్టేది. ఊళ్ళో ఇంకెవరికీ ఆ చప్పుడుకు అర్థం తెలియదు.

నల్లటి నీటిలో ఏమీ కదలలేదు. అతను మళ్ళీ తట్టాడు.

దూరాన, లోతున, ఎర్రటి మెరుపు ఒకటి కనబడింది. అది దగ్గరైంది. మెట్టుకు కొంచెం అవతల ఆగి, అటూ ఇటూ తిరిగింది. గుర్తుపట్టింది. పైడన్నకు ఏడుపు ముంచుకొచ్చింది.

ఇక అతనికి యువరాజు వేషం గుర్తులేదు. నడుము తిప్పి వల విసిరాడు. అది గాలిలో, పెనం మీద అట్టు పోసినట్టు, అంచంతా ఒక్కలా గుండ్రంగా విచ్చుకుని నీటిమీద వాలింది. రాజుల కబుర్లు ఆగిపోయాయి. పైనుంచి ఘటకేతుడు రెండు మెట్లు దిగాడు.

పైడన్న లాగాడు. వల బరువుగా వచ్చింది. అందులో ఒకటే చేప, వెండిరంగు, మూతిమీద ఎర్రరాయి. రెండు చేతులతో పైకెత్తాడు. దాని ఒళ్ళు చల్లగా ఉంది, గుండె మాత్రం అతని అరచేతిలో టపటపా కొట్టుకుంటున్నది. ఎర్రబండ ఆ మెట్ల పైనే, పరిగెత్తితే గుక్క తిప్పుకునేలోగా దాటవచ్చు. దొరికింది. నీలాలు దొరికింది. అన్నాళ్ళుగా బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా వదులైపోయింది. ఏ దేవతకు దణ్ణం పెట్టాలో, ఎట్టా పెట్టాలో తోచనంత సంతోషం.

అదిగో, అక్కడ జరిగింది.

నెత్తిన ఎండ. భుజాన తడి వల. చేతిలో తొలి చేప. వల పట్టడం వచ్చిన నాటినుంచీ, నాన్న వేలు పట్టుకుని గట్టు దిగిన నాటినుంచీ, ఆ మూడూ కలిసినప్పుడల్లా ఆ చేతులు ఏం చేశాయో ఇప్పుడూ అదే చేశాయి. చేపను కళ్ళకద్దుకున్నాయి. "నీది నీకు తల్లీ," అంది నోరు. చేతులు ముందుకు సాగి విడిచిపెట్టాయి.

టప్పుమని నీటి చప్పుడు.

ఆ చప్పుడు విన్నాకగాని తాను ఏం చేశాడో పైడన్నకు తెలియలేదు. మెట్టుమీద బోర్లాపడి నీటికేసి చెయ్యి చాచాడు, చాచిన చెయ్యి నీటిని ముట్టకముందే కావలివాళ్ళు కాళ్ళు పట్టి వెనక్కి లాగారు. ఎర్రటి మెరుపు తిరిగి పైకి రావాలని గింజుకుంటున్నది. ఏదో దాన్ని కిందికి గుంజుతున్నది. అది చిన్నదైపోతూ ఉంది.

"అల్లుడూ," అన్నాడు భద్రయ్య. "ఏం చేశావురా?"

"తెల్దు మామా," అన్నాడు పైడన్న. "చెయ్యి చేసేసింది."

ఘటకేతుడు వచ్చి ఎదురుగా నిలిచాడు. ఇప్పుడు నవ్వుతున్నాడు. "చిలుక పట్టలేదు, కత్తి పట్టలేదు. నీ చెయ్యే నిన్ను పట్టిచ్చింది జాలరీ. మడుగు నాది కాదని మీ ఊరంతా గొంతు చించుకుంది. తొలి చేప మడుగుదేనని ఇప్పుడు ఇందరు రాజుల ముందు నువ్వే ఒప్పుకున్నావు. మడుగు నాది. కాబట్టి ఆ చేప నాది."

"నేను నీకు ఇవ్వలేదు. గంగమ్మకి ఇచ్చాను."

"గంగమ్మ ఏదీ? పిలువు, వస్తుందేమో చూద్దాం."

పైడన్న మడుగుకేసి చూశాడు. ఎన్ని తొలి చేపలు, ఎన్ని ఆకలి రోజులు. నీలాలు ఎప్పుడో అడిగిన మాట చెవిలో మోగింది. నీరు కదలలేదు.

"ఆ ముసలివాణ్ణి చెరలో వేయండి," అన్నాడు ఘటకేతుడు. భద్రయ్యను ఈడ్చుకుపోయారు. అంత ఈడుపులోనూ అతను తలమీది మంత్రి పాగా పడిపోకుండా పట్టుకునే ఉన్నాడు. "వీణ్ణి వదిలేయండి. పో జాలరీ, నీకు శిక్ష లేదు. మీ గట్టుమీద కూర్చుని బతికినన్నాళ్ళూ ఈ నీటిని చూసుకో. అంతకన్నా ఏం చేయగలవు నువ్వు?"

నిజమే. ఏమీ చేయలేడు. వల లేదు, కత్తి లేదు, మంత్రం రాదు. రాజు ఏడుస్తాడు, గంగమ్మ పలకదు. కావలివాళ్ళు కాళ్ళు వదిలిపెట్టారు. పైడన్న లేచి నిలబడ్డాడు. తలపాగా తీసి మెట్టుమీద పెట్టాడు, ఇత్తడి పోగులు తీసి దానిమీద పెట్టాడు. భద్రయ్య సొమ్ము కదా, పాడవకూడదు. ఎర్రటి మెరుపు ఇప్పుడు ఆవగింజంత ఉంది.

అది ఆరిపోకముందే అతను దూకాడు.

ముందు కాళ్ళు తెలియకుండా పోయాయి. మెడ రెండువైపులా చీరుకుపోయి నీళ్ళు లోపలికి వచ్చాయి, చిత్రం, ఊపిరి ఆడుతూనే ఉంది. ఒళ్ళంతా పొలుసులు మొలిచాయి. చిట్టచివరికి మారింది కుడిచెయ్యి. అది రెక్కగా ముడుచుకుపోతుంటే అతను దాన్ని చూశాడు. చెంపలేసుకుందామన్నా ఇంకో చెయ్యి మిగలలేదు.

ఎర్రటి మెరుపు వెంట కిందికి, ఇంకా కిందికి ఈదాడు. మడుగు అడుగున నల్లటి బిలం నోరు తెరుచుకుని ఉంది. మెరుపు అందులోకి జారింది. వెనకే అతనూ జారాడు. పెద్ద రాయి ఒకటి దొర్లుకుంటూ వచ్చి పైన మూతపడింది. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. మెరుపు లేదు. నీలాలు లేదు. పిలుద్దామంటే చేపకు గొంతు లేదు. ఎటు తిరిగినా రాయే తగులుతున్నది.

అప్పుడు వినబడింది. చీకటి లోతుల్లో ఎక్కడో, రాతిమీద ఎవరో తట్టారు. రెండుసార్లు గబగబా, ఒక్క క్షణం ఆగి మరోసారి.

చేపలకు చేతులుండవు. మరి తట్టిందెవరు?